పళ్ల కరపత్రంలో నీళ్లేవీ?

ఢిల్లీలో ఓ దంతవైద్యశాలలో కూర్చుని ఉండగా ఒక కరపత్రం చేతికొచ్చింది. పంటికి మేలుచేసే ఆహారం గురించి. పాలు, పెరుగు, పనీర్, ఆకుకూరలు... ఇంతవరకు పేచీ లేదు. (ఆపిల్ కొరికితే పళ్లు తోముకున్నట్టేనన్నది మాత్రం అతిశయోక్తి.) చిక్కంతా చివరి వాక్యంలో ఉంది: పళ్లపై గోధుమరంగు మచ్చలు సరిగా తోముకోని పిల్లలకే వస్తాయట!

నల్లగొండ పాఠకులు ఈ మాట ఒప్పుకుంటారా? తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే, పన్ను ఇంకా చిగురులోపల ఉండగానే దాని పింగాణీ పొర దెబ్బతినవచ్చు. మొలిచేసరికి సుద్దలా తెల్లని మరకలుంటాయి, తరువాత అవే గోధుమరంగుకు తిరుగుతాయి. పాచి చిగుళ్ల అంచున పేరుకుంటుంది. ఈ చారలు పంటికి అడ్డంగా, కుడి ఎడమల పళ్లపై జంటగా కనిపిస్తాయి. అద్దంలో చూసి మీరే తేడా చెప్పవచ్చు. ఎంత తోమినా ఇవి పోవు. పాపం, తిట్లు మాత్రం పిల్లలకే.

మనదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఢిల్లీలోనూ నజఫ్‌గఢ్ వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువే. అయినా కరపత్రంలో నీటి ఊసే లేదు. పాలలోని కాల్షియం ఫ్లోరైడ్ ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. పాల గురించి అన్ని పంక్తులు రాసినవారు ఈ ఒక్కటీ చేర్చవలసింది.