చూడనివారి కోసము వ్రాయుట

టెలివిజన్ సీరియళ్ళమీద విద్యావంతులు మోపెడి నేరములలో నాకు మిక్కిలి పరిచితమైనది, బంధువుల ఇండ్లలో భోజనముల వేళ తరచుగా ఎదురగునది ఒకటి కలదు: సీరియళ్ళలోని మనుష్యులు అవసరమునకు మించి మాటలాడుదురనియు, పక్కనే నిలుచున్నవారిని పదిమార్లు పేరుపెట్టి పిలుతురనియు, కన్నులయెదుట జరిగినదానినే మరల నోటితో చెప్పుకొందురనియు. ఈ అభియోగములో అసత్యమేమియు లేదు. నేను వృత్తిచేత సీరియళ్ళకు మాటలు వ్రాయువాడను. నా పాత్రలు నిజముగానే అట్లు మాటలాడును. అయితే ఈ తీర్పు చెప్పెడివారు సోఫాలో కూర్చుండి, రెండు కన్నులను తెరకు అప్పగించి చూచినవారు. అదియు ఏ పండుగనాడో, చుట్టపుచూపుగా పోయినప్పుడో, తప్పించుకొన వీలులేక చూచినవారు. మేము వ్రాయుట వారి కొరకు కాదు. తెరకు వీపుపెట్టి నిలుచున్న మనిషి కొరకు మేము వ్రాయుచున్నాము.

రాత్రి ఏడున్నర గంటలకు మన మధ్యతరగతి యింటిలోనికి ఒకమారు తొంగిచూడుడు. పొయ్యిమీద కుక్కరు రెండవ కూత వేయుచుండును. మిక్సీ తిరిగినంతసేపు ఆ యింటిలో మరియొక శబ్దమునకు చోటుండదు. ఒక మూల పిల్లవాడు ఎక్కములు అప్పగించుచుండును. అప్పుడే ఆఫీసునుండి వచ్చినవారు కాఫీ యేదని అడుగుచుందురు. టీవీ ముందుగదిలో నుండును, సీరియల్ ఎవరిదో ఆ ఇల్లాలు వంటింటిలో నుండును, ఈ రెంటికిని నడుమ ఒక గుమ్మము. ఆ గుమ్మము గుండ బొమ్మ సగమే కనబడును. మాట మాత్రము, కుక్కరు దయతలచినప్పుడు, పూర్తిగా వచ్చును. సినిమాలో నాయిక ఒక ఉత్తరమును విప్పి, దానిపై దృష్టి నిలిపి, మెల్లగా కూలబడిన చాలును. హాలులోని చీకటి తక్కిన పనిని తానే నెరవేర్చును. నా నాయిక అట్లు కూలబడినచో, పప్పునకు తాలింపు పెట్టుచున్న ఆ యిల్లాలికి సంబంధించినంతవరకు కథలో ఏమియు జరుగలేదన్నమాట. కావున నా నాయిక, "ఇది నాన్నగారి చేతివ్రాత కదా! పదేళ్ళ తర్వాత నాన్నగారి ఉత్తరమా?" అని పైకి అనవలెను, ఆ మాట చెవినిబడి అత్తగారు, "ఎవరి దగ్గర్నుంచే ఉత్తరం, శారదా?" అని పేరుపెట్టి అడుగవలెను. అప్పుడు గాని గరిటె పట్టుకొన్న చేయి ఒక క్షణము ఆగదు. ఆ చేయి ఆగుటయే మాకు అందెడి చప్పట్లు.

ఈ పద్ధతి టెలివిజన్‌తో పుట్టినదియు కాదు. దేవాలయములలో పురాణకాలక్షేపమునకు వచ్చిన స్త్రీలు వత్తులు చేసికొనుచు, పూలు కట్టుకొనుచు, ఒడిలోని బిడ్డను జోకొట్టుచు వినెడివారు. ఆ సగము శ్రద్ధనే పెట్టుబడిగా గ్రహించి పౌరాణికుడు నిన్నటి కథ ఎక్కడ ఆగినదో జ్ఞాపకము చేసెడివాడు, ఎవరు ఎవరితో పలుకుచున్నారో మాటిమాటికి తెలిపెడివాడు, ఒక్క శ్లోకార్థమును మూడు విధముల త్రిప్పి చెప్పెడివాడు. మహాభారతమున కథకుడెవడైనను శ్రోతను సంబోధింపక నాలుగడుగులు నడువడు. ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులను, వైశంపాయనుడు జనమేజయుని, సంజయుడు ధృతరాష్ట్రుని అడుగడుగునను పిలుచుచునే యుందురు. ఇక మన నన్నయభట్టారకుడు ఆశ్వాసారంభమున రాజరాజనరేంద్రుని సంబోధించి, ఎవరు ఎవరికి చెప్పుచున్న కథయో స్ఫురింపజేసి, అటుపిమ్మట గాని ముందునకు పోడు. పండితులు దానిని కావ్యమర్యాద యని గౌరవింతురు. అదే పనిని రాత్రి ఏడున్నరకు నేను చేసినచో సాగతీత యందురు.

ఈ కథకులందరిలోను నాకు గురుస్థానీయుడు సంజయుడు. అతని శ్రోత చూడలేనివాడు. చూడలేని శ్రోతకు పదునెనిమిది అక్షౌహిణుల సంగ్రామమును మాటలతో వినిపింపవలసిన పని అతనిది. ఆ పని అతడు నెరవేర్చిన విధము, వృత్తిలోనివారు శ్రద్ధగా పరిశీలింపదగినది. పదిదినముల యుద్ధము గడచిన పిమ్మట రణభూమినుండి హస్తినాపురమునకు వచ్చి, మొట్టమొదటనే భీష్ముడు పడెనని చెప్పివేయును. మా చానెల్ సమావేశములో ఎవడైనను ఇట్టి ప్రతిపాదన చేసినచో, క్లైమాక్సును మొదటి సీనులోనే పారవేసినాడని వానిని వింతగా చూతురు. కాని ధృతరాష్ట్రుడు విలపించి, మూర్ఛిల్లి, తేరుకొని అడిగినది ఒకే ప్రశ్న: అది ఎట్లు జరిగెను? అక్కడినుండి సంజయుడు మొదటినాటి కథను ఎత్తుకొనును. భగవద్గీతను ఆ యంధరాజు వినునప్పటికే భీష్ముడు అంపశయ్యపై నున్నాడన్న సంగతి మనము తరచుగా మరతుము. ద్రోణుని మరణమును, కర్ణుని మరణమును, శల్యుని మరణమును అతడు ఈ క్రమముననే చెప్పెను. ఏమి జరుగునో దాచిపెట్టి శ్రోతను నిలుపుట ఒక విద్య. ఏమి జరిగినదో ముందే చెప్పి, అయినను కదలనీయకుండ నిలుపుట అంతకు పెద్ద విద్య. మా ప్రోమోలు తయారుచేయు కుర్రవాండ్రు ఈ రహస్యమును వ్యాసుని చదువకయే కనిపెట్టినారు. అందుకు వారిని అభినందింపవలెనో, వ్యాసునకు క్షమాపణ చెప్పవలెనో నాకు తెలియదు.

ఆ మహాభారతమునే బి.ఆర్. చోప్రా 1988 అక్టోబరునుండి 1990 జూను వరకు 94 భాగములుగా దూరదర్శన్‌లో ప్రసారము చేసినప్పుడు దానికి మాటలు వ్రాసినవాడు ఉర్దూ, హిందీ రచయితయైన రాహీ మాసూమ్ రజా. అంతటి గ్రంథమును ఎవరిచేత చెప్పింపవలెనన్న ప్రశ్నకు ఆయన కాలమునే కథకునిగా నియమించెను. తెరమీద ఒక చక్రము తిరుగుచుండగా వినవచ్చెడి ఆ కంఠమునకు రూపము లేదు, ముఖము లేదు. కనుక దానిని వినుటకు తెర ఎదుట కూర్చుండవలసిన పనియు లేదు. అంతకుముందు 1984 జూలైనుండి 1985 డిసెంబరు వరకు సాగిన 'హమ్ లోగ్' ప్రతిభాగము చివరను నటుడు అశోక్‌కుమార్ వచ్చి, ఆనాటి కథను ముచ్చటించి, చూచువారిని పలుకరించి పోయెడివాడు. ఆ సీరియల్ రచయిత మనోహర్ శ్యామ్ జోషీ అంతకు పూర్వము 'సాప్తాహిక్ హిందుస్తాన్' పత్రికకు సంపాదకుడు. వారపత్రిక నడిపినవానికి, పాఠకుడు వచ్చే వారము మరల రావలెనన్న చింత ఎముకలలో నుండును.

మన తెలుగునను దారి అట్లే నడచినది. 1975–76లో ఉపగ్రహముద్వారా పల్లెలకు కార్యక్రమములు పంపిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. కాని కథలకు కొరత కలిగినప్పుడు ఆదుకొన్నది వారపత్రికల ధారావాహికలే. యద్దనపూడి సులోచనారాణి నవల 'ఋతురాగాలు'గా మంజులానాయుడు చేతిలో తెరకెక్కినప్పుడు, పత్రిక కొరకు గురువారము ఎదురుచూచిన తల్లులే సాయంకాలము టీవీ కొరకు ఎదురుచూచినారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చిన పిదప వారము దినమైనది. వారపత్రికా రచయితకు ఏడు దినముల వ్యవధి. మాకు సోమవారమునుండి శనివారము వరకు ప్రతిదినము ఒక భాగము. గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు వేయరాదన్న నిబంధనను, శీర్షికలను, నిన్నటి కథను తీసివేయగా అరగంటలో కథకు మిగులునది సుమారు 20 నిమిషములు.

ఆ యిరువది నిమిషముల మాట నా కాగితమునుండి వంటింటికి చేరువరకు పోవు దారి విచిత్రమైనది. నేటి తెలుగు సీరియళ్ళలో కన్నడదేశమునుండి వచ్చిన నటీనటులు అనేకులు. కాలక్రమమున చక్కని తెలుగు నేర్చినవారు కలరు గాని తొలిదినములలో భాష రాదు. కెమెరా వెనుకనుండి సహాయదర్శకుడు మాటను ముక్కలు చేసి గట్టిగా చదువును. నటి ఆ ముక్కను అందుకొని పలుకును. తరువాత ఎక్కడనో డబ్బింగు థియేటరులో వేరొక స్త్రీ ఆ పెదవుల కదలికకు తన కంఠము నిచ్చును. ఇట్లు ఒక వాక్యము ముగ్గురి నోళ్ళు దాటి రావలసియుండగా, దానిని పొట్టిగాను, మధ్యలో విరిచినను అర్థము చెడనట్లుగాను వ్రాయక తప్పదు. ఈ వ్యాసములోని వాక్యములవంటివానిని ప్రాంప్టరు చేతికిచ్చినచో అతడు క్రియాపదమును చేరులోపల కాల్‌షీటు ముగియును. నేను ఈ వ్యాసమును ఇంత దీర్ఘముగా వ్రాయుటలో, పగలంతయు పొట్టిమాటలు వ్రాసిన చేతి కసి కొంత కలదని పాఠకులు గ్రహింతురు గాక.

కాల్‌షీటనగానే మరియొక సంగతి. స్పాటునుండి ఫోను మ్రోగినదనగా మాకు గుండె ఝల్లుమనును: అత్తగారి పాత్రధారిణికి మరియొకచోట డేట్లు కుదిరినవి, వారము దినములు రాలేదు. వెంటనే అత్తగారు కాశీకి పోవును. మన సీరియళ్ళలో కాశీకి పోయినంతమంది అత్తగార్లు విశ్వేశ్వరుని సన్నిధికి నిజముగా చేరిరా యన్నది సందేహమే. ఆమె ఊరక పోయినను చాలదు, అక్కడినుండి ఫోను చేయవలెను, కోడలు ఆ ఫోనును ఎత్తి, "ఆరోగ్యం ఎలా ఉంది అత్తయ్యా? గంగలో జాగ్రత్త" యనవలెను. లేనియెడల వంటింటిలోని ప్రేక్షకురాలు ఆ యత్తగారి క్షేమము గూర్చి మనసు కష్టపెట్టుకొనును. గర్భవతులయిన కోడండ్ర విషయములో ఆమె లెక్క మరింత ఖండితమైనది. శ్రీమంతము చేసిన మాసమును వేళ్ళమీద పెట్టుకొని, పదునాలుగవ నెల వచ్చినదని మాకు కబురంపిన తల్లులు కలరు.

ఇంతకును ఈ మాటలు మాకెక్కడివి? గదిలో తలుపు వేసికొని ఆలోచించినచో రావు. పెండ్లిపందిళ్ళలోను, రైతుబజారులోను, ఆర్టీసీ బస్సు కిటికీల కడను తిరుగుచుండును. ఒక విందులో ఇద్దరు తోడికోడండ్రు ప్రక్కప్రక్కన కూర్చుండి వడ్డన కొరకు చూచుచున్నారు. చిన్నామె, "ఆ గొలుసు కొత్తదా అక్కా?" అని అడిగినది. పెద్దామె, "పాతదే, అత్తయ్యగారిది. నువ్వు చూళ్ళేదేమో" అని, విస్తరి సర్దుకొన్నది. పోయిన అత్తగారి నగలు ఎవరి పాలబడినవి, అప్పుడు చిన్నకోడలు ఎక్కడ నుండెను, ఎవరు ఎవరిని పిలువలేదు అన్న పది సంవత్సరముల తగవు ఆ చివరి మాటలో నున్నది. ఇందులో ఆవేశము లేదు, మెరుపులు లేవు, ముఖము మూడుమార్లు దగ్గరగా చూపు షాట్లు లేవు. కన్నులు మూసికొని విన్నను సర్వమును తెలియును. ఇటువంటి మాట ఒకటి దొరికిన దినము నాకు గురువారము వచ్చెడి టీఆర్పీ అంకెలపై భయముండదు. దొరకని దినములు అధికము. అట్టి దినములలో విషము కలిపిన పాలును, దాచిన వీలునామాయును, గుమ్మము చాటున పొంచియున్న ఆడపడుచును మాకు దిక్కు.

మా మీద రావలసిన నింద ఈ తావున వచ్చిన నేను తలవంతును. ఆలస్యము మా వృత్తికి ప్రాణము, నిజమే. కాని సంజయుని ఆలస్యమునకును మా ఆలస్యమునకును భేదము కలదు. అతడు చెప్పవలసినది కొండంత యుండి ఆలస్యము చేసినాడు. మేము తరచుగా చెప్పవలసినది లేక చేయుచున్నాము, ఆ లేమిని కప్పిపుచ్చుటకు ఒక స్త్రీని మరియొక స్త్రీచేత హింసింపజేయుచున్నాము. వినువారు వంటపనిలో నున్నారన్న కారణమున వారికి ఏదియైనను చెల్లునని తలంచుట మర్యాద కాదు. వారము వారము కథను ఆనాటికానాడే ముగించుకొనుచు, 2001లో మొదలై యేండ్లతరబడి నవ్వించిన గుణ్ణం గంగరాజు 'అమృతం'లో ఇట్టి ఆలస్యమే లేదు. దానిలోని మాటలను నేటి యువకులు కూడ ఒకరితో నొకరు చెప్పుకొని నవ్వుట నేను విన్నాను.

ఇప్పుడు సెల్‌ఫోనులో, చెవులలో తీగలు పెట్టుకొని, ఒంటరిగా చూచువారు పెరిగినారు. వారి కన్నులు తెరను విడువవు. వారికి సంబోధన అక్కరలేదు, పునశ్చరణ అక్కరలేదు. మౌనమును గూడ చదువగలరు. మాతో పనిచేయు చిన్నవారి ప్రోద్బలముచేత నేనును ఒక మౌనదృశ్యము వ్రాసితిని. కూతురు అత్తవారింటికి మరలిపోయిన సాయంకాలము తల్లి ఒక్కతెయే ఆమె విడిచిన చీరను మడతపెట్టును. నిమిషముసేపు మాట లేదు, వీణ లేదు, వేణువు లేదు. ఫోనులో చూచినవారు బాగున్నదన్నారు. మరునాడు మా అపార్టుమెంటు మెట్లమీద ఎదురైన ప్రక్కింటి ఇల్లాలు, "నిన్న మీ సీరియల్లో మాట పడిపోయింది అన్నయ్యగారూ, మా టీవీ పోయిందనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను" అన్నది. అటుపిమ్మట మౌనదృశ్యము వ్రాసినప్పుడెల్ల, దానికి ముందు తల్లి చేతినుండి ఒక స్టీలు గిన్నె జారిపడినట్లు వ్రాయుచున్నాను. ఆ చప్పుడునకు ఎంత తాలింపులో నున్న మనిషియైనను గుమ్మము దాక వచ్చును. మా సౌండు ఇంజనీరు మాత్రము, ఇన్ని గిన్నెలు పడవేయు ఇంటిని తానెక్కడను చూడలేదనుచున్నాడు.