బంతిపూల దారిలో నీటిరంగులు

మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీలు చనిపోయినవాళ్ళు ఇంటికి వచ్చే రోజులు. పసివయసులో పోయినవాళ్ళు మొదటి రోజున, పెద్దవాళ్ళు రెండో రోజున వస్తారని నమ్మకం. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకు దారి తెలియాలి, దాహం తీరాలి, బతికున్నప్పుడు ఇష్టంగా తిన్నది మళ్ళీ దొరకాలి. దియా దె ముయెర్తోస్ అనే ఈ పండుగ పనులన్నీ ఈ మూడింటి కోసమే. సమాధుల దగ్గర కన్నీళ్ళూ ఉంటాయి, బ్యాండు మేళమూ ఉంటుంది, పిల్లల అల్లరీ ఉంటుంది. ఒకటి ఇంకొకదానికి అడ్డు రాదు.

కాథలిక్ క్యాలెండర్‌లో ఇవి సకల పునీతుల పండుగ, సకల ఆత్మల దినం. తెలుగునాట కాథలిక్కులు నవంబర్ 2న సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఈ దినానిదే. మెక్సికోలో దీనికి మరో పాయ వచ్చి కలిసింది. 1521లో స్పెయిన్ పాలన కిందికి రాకముందు అక్కడి నహువా ప్రజలకు ఇరవై రోజుల నెలలు ఉండేవి. వాటిలో వేసవి చివర వచ్చే రెంటిని చనిపోయినవారికి కేటాయించేవారు. ఒకటి పిల్లలది, ఇంకొకటి పెద్దలది. ఇప్పటి పండుగలో ఏ ఆచారం ఎటునుంచి వచ్చిందన్న వాదన చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు. 2008లో యునెస్కో దీన్ని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ తేదీలను ఆనుకుని వహాకా, పాట్స్‌క్వారో, సాన్ మిగెల్ దె అయెందె వంటి ఊళ్ళలో నీటిరంగుల శిబిరాలు జరుగుతుంటాయి. చిన్న బృందం, ఒక గురువు, దాదాపు వారం రోజులు. వీటిని ఆధ్యాత్మిక శిబిరాలు అనడానికి ఉపన్యాసాలు, ప్రవచనాలు కారణం కాదు. వచ్చిన ప్రతి ఒక్కరూ తాము పోగొట్టుకున్న ఒక మనిషిని మనసులో పెట్టుకుని వస్తారు. మొదటి సాయంత్రం ఆ మనిషి పేరు నలుగురిలో చెబుతారు. బొమ్మ వేసే వేళల్లో మౌనం పాటిస్తారు. వారం చివరికి ఆ మనిషి కోసం ఒక చిన్న చిత్రం పూర్తి చేసి, చనిపోయినవారి కోసం అందరూ కలిసి కట్టిన పీఠం మీద పెడతారు. పేరు, మౌనం, చిత్రం. ఇంతకు మించి ఉన్నది చాలావరకు ప్రచారపత్రాల అలంకారమే.

పండుగను పట్టుకోవడానికి కెమెరా చాలదా అని అడగవచ్చు. కెమెరాకు క్షణం చాలు, తైలవర్ణానికి రోజులు కావాలి. నీటిరంగు ఈ రెంటి మధ్యది: ఒక పూటలో ముగుస్తుంది, కానీ ఆ పూటంతా కూర్చోబెడుతుంది. కావాలని తడిలో తడి కలిపే చోట తప్ప, ఒక పొర ఆరేదాకా రెండోది వేయకూడదు. తొందరపడితే తడి మీద తడి పడి, అంచులు పువ్వుల్లా విచ్చుకుని బొమ్మ చెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం వెలుగు సంగతి. పారదర్శకమైన నీటిరంగుల పద్ధతిలో తెల్లరంగు వాడరు. తుమ్మజిగురులో కలిపిన రంగుపొడి నీళ్ళతో పలచబడి కాగితం మీద పరుచుకుంటుంది. వెలుతురు ఆ పొరను దాటి కాగితాన్ని తాకి తిరిగి వస్తుంది. కాబట్టి బొమ్మలో వెలుగు కావలసిన చోటును ముందే ఎంచి, రంగు తగలకుండా వదిలేయాలి. ఒకసారి కప్పేశాక ఆ తెలుపు మొదటిలా తిరిగి రాదు. లేనివాళ్ళ కోసం ఇంట్లో చోటు ఖాళీ చేసి ఉంచే పండుగకు ఇంతకంటే తగిన మాధ్యమం లేదు.

మంచి శిబిరంలో మొదటి పాఠం కుంచెతో మొదలవదు, పీఠం కట్టడంతో మొదలవుతుంది. ఒఫ్రెండా అనే ఈ పీఠాన్ని ఇళ్ళలో కడతారు. బల్ల మీద పెట్టెలు పేర్చి మెట్లుగా చేసి, గుడ్డ పరిచి, రెండు పక్కలా చెరకుగడలు నిలబెట్టి పైన కమానుగా వంచి కడతారు. ఆ కమానే వచ్చేవాళ్ళకు గుమ్మం. పై మెట్టు మీద ఫొటోలు. దాహంతో వస్తారు కనుక గ్లాసుతో నీళ్ళు తప్పనిసరి, పక్కన చిన్న గిన్నెలో ఉప్పు. ఆ తర్వాత పండ్లు, చాక్లెట్, మోలే కూర, తమాలెలు, తాగే అలవాటున్నవాళ్ళకు మెస్కాల్, పొగతాగేవాళ్ళకు సిగరెట్ పెట్టె. పాన్ దె ముయెర్తో అనే రొట్టె ఊరికొక తీరుగా ఉంటుంది. వహాకాలో గుడ్డుసొనతో చేసిన గుండ్రటి రొట్టె మీద పిండితో చేసి రంగులద్దిన బుల్లి ముఖాన్ని గుచ్చుతారు. కింద మట్టి ధూపపాత్రలో కోపాల్ బంక కాలుతుంటుంది. పైన గాలికి ఊగుతూ పాపెల్ పికాడో తోరణాలు. పలచటి రంగు కాగితాల దొంతరను ఉలితో కొట్టి, పుర్రెలు, పువ్వులు వచ్చేలా చిల్లులు పెట్టిన కాగితాలవి.

ఈ పని చేసిన చేతికి బొమ్మ తేలికవుతుంది. ఏది ఎక్కడ, ఎందుకు ఉందో తెలిసిన తర్వాత గీసిన గ్లాసుకూ, తెలియక గీసిన గ్లాసుకూ తేడా కనిపిస్తుంది. పాపెల్ పికాడోను వేయడం మరో మంచి అభ్యాసం. అందులో కాగితం కంటే చిల్లులే ఆకారం. చిల్లుల చుట్టూ ఉన్నదానికి రంగు వేస్తూ పోతే వదిలేసిన చోటు పుర్రెగా తేలుతుంది.

పండుగ రంగు బంతిపూవుది. సెంపసూచిల్ అని పిలిచే ఈ పువ్వు తెలుగు గుమ్మాలకు తోరణమయ్యే ముద్దబంతే. దీని పుట్టిల్లు మెక్సికో. సముద్రాలు దాటి భారతదేశానికి వచ్చి బతుకమ్మలోనూ, దసరా, సంక్రాంతి పూజల్లోనూ పాతుకుపోయింది. మెక్సికోలో దాని రంగు, ఘాటైన వాసన చనిపోయినవారికి దారి చూపుతాయని నమ్మకం. అందుకే రేకులు తుంచి వీధి నుంచి పీఠం దాకా బాట పరుస్తారు. దాని పక్కనే ముదురు గులాబీ రంగు కోడిజుట్టు పూలు గంపలకొద్దీ అంగళ్ళకు వస్తాయి. తెలంగాణలో సీతజడ అనేది వీటినే. బతుకమ్మ పేర్చిన కళ్ళకు వహాకా పూలసంత కొత్తగా తోచదు.

బంతిపూలు వేయడంలో కొత్తవాళ్ళు పడే తిప్పలు రెండు. ఒక్కో రేకూ గీయబోతే పువ్వు మొద్దుబారుతుంది. గంపెడు పూలను ముందు ఒకే పసుపు ముద్దగా తడితడిగా వేసి, అది ఆరకముందే అక్కడక్కడ నారింజ వదిలి, ఆరాక రెండు మూడు పువ్వులకు మాత్రమే అంచులు తేల్చాలి. మిగతావి చూసేవారి కన్నే పూరించుకుంటుంది. రెండో చిక్కు నీడలది. పసుపును ముదురు చేయడానికి నలుపు కలిపితే ఆకుపచ్చగా, రోగిష్టిగా తిరుగుతుంది. నీడకు బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు గానీ పలచటి ఊదా గానీ కావాలి.

ఎరుపు కోసం వహాకా శిబిరాలు ఒక పూట తెయోతిత్లాన్ దెల్ వాయె వంటి నేతపల్లెలకు వెళ్తాయి. నాగజెముడు జాతి ఆకుల మీద తెల్లటి బూజులా కనిపించే కోచినీల్ పురుగులను అక్కడ పెంచుతారు. ఎండిన పురుగు బూడిదరంగు గింజలా ఉంటుంది. అరచేతిలో వేసి, చుక్క నీరు పోసి వేలితో నలిపితే ముదురు ఎరుపు వస్తుంది. అందులో నిమ్మరసం పిండితే కళ్ళముందే నారింజ వైపు తిరుగుతుంది, సున్నం తగిలితే ఊదా అవుతుంది. వలస పాలన కాలంలో ఆ నేల నుంచి స్పెయిన్‌కు వెళ్ళిన సరుకుల్లో వెండి తర్వాత అంత విలువ దీనిదే. పటికతో కలిపి చేసిన కార్మైన్ ఐరోపా నీటిరంగుల పెట్టెల్లోకీ చేరింది. అయితే వెలుతురుకు వెలిసిపోవడం దాని గుణం. ఇప్పుడు కంపెనీలు అదే రంగును ఎక్కువగా కృత్రిమ వర్ణకాలతో తయారు చేస్తున్నాయి. శిబిరంలో మాత్రం పీఠం మీద పెట్టే బొమ్మకు అసలు కోచినీల్ వాడేవారున్నారు. ఏటా కొత్తది పెట్టే పీఠానికి ఏళ్ళతరబడి నిలిచే రంగుతో పనిలేదు గనుక అది సబబే.

అసలు పరీక్ష రాత్రిది. వహాకా పక్కన సాంతా క్రూస్ హోహోకోత్లాన్ శ్మశానంలో అక్టోబర్ 31 రాత్రే జాగారం మొదలవుతుంది. మిచొవకాన్ రాష్ట్రంలో పాట్స్‌క్వారో సరస్సు చుట్టూ ఉన్న పురెపెచా పల్లెల్లో, హనిత్సియో దీవిలో నవంబర్ 1 రాత్రి తెల్లవార్లూ సాగుతుంది. కుటుంబాలు సమాధుల పక్కన దుప్పట్లు కప్పుకుని కూర్చుంటాయి. వండి తెచ్చిన బుట్టల మీద కుట్టుపని చేసిన గుడ్డలు కప్పి ఉంటాయి. వందల కొవ్వొత్తుల వెలుగులో బంతిపూలు కణకణలాడుతుంటాయి.

చీకట్లో నీటిరంగు వేయడం సులువైన పని కాదు. పసుపుపచ్చటి వెలుతురులో లేత పసుపు కాగితం తెలుపులో కలిసిపోతుంది. ఎంత వేశామో తెలియక మళ్ళీ మళ్ళీ వేస్తారు, తెల్లారి చూస్తే వెలుగు ఉండవలసిన చోట మట్టిముద్ద ఉంటుంది. తలకు కట్టుకునే దీపం పెట్టుకుంటే పక్కన ప్రార్థన చేసుకునేవారి కళ్ళలో పడుతుంది. అనుభవజ్ఞులు పనిని రెండుగా విడగొడతారు. పగలే కాగితం తడిపి, దీపశిఖ రావలసిన చోట్లు గింజంత వదిలి, వాటి చుట్టూ లేత పసుపు, దాని అంచుల్లో నారింజ పరిచి ఆరబెట్టి పెట్టుకుంటారు. శిఖలు సన్నగా ఉంటే రంగు అంటనివ్వని మాస్కింగ్ ద్రవంతో చుక్కలు పెడతారు. పాలెట్‌లో ఏ గుంటలో ఏ రంగో వెలుతురుండగానే వరస కంఠస్థం చేసుకుంటారు. రాత్రి శ్మశానంలో వేసేది ఒక్క చీకటినే. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన ముదురు రంగును బయటి అంచుల నుంచి లోపలికి, వెలుగును ముట్టకుండా తెస్తారు. సమాధులూ, శాలువా కప్పుకున్న భుజాలూ ఆ చీకటిలోంచే ఆకారం తెచ్చుకుంటాయి.

వాతావరణానికీ ఇందులో పాత్ర ఉంది. వహాకాలో అప్పటికి వానలు వెనకబడి గాలి పొడిగా ఉంటుంది, పగటిపూట వాష్ అనే పలచటి రంగుపూత చూస్తుండగానే ఆరిపోతుంది. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న పాట్స్‌క్వారోలో సరస్సు మంచుకు ఒక పొర ఆరడానికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ అరగంట వృథా కాదు. కుంచె పక్కన పెట్టినవారికి అప్పుడే పక్కసమాధి పెద్దావిడ చేతికి వేడివేడి పానీయం అందిస్తుంది. మాటా కలుస్తుంది.

ఇక్కడే శిబిరాల మీద గట్టి విమర్శ ఒకటుంది, అది న్యాయమైనది. సమాధి దగ్గర కూర్చున్న కుటుంబానికి తమ రాత్రి తమకు కావాలి. హనిత్సియోకు పడవల నిండా దిగే సందర్శకులు ఆ రాత్రిని ఇప్పటికే చాలావరకు లాగేసుకున్నారు. జేమ్స్ బాండ్ చిత్రం స్పెక్టర్ కోసం 2015లో కల్పించిన ఊరేగింపును చూసి మెక్సికో నగరం 2016 నుంచి నిజంగానే ఊరేగింపు మొదలుపెట్టింది. దానికి వెళ్ళేవారు వెళ్ళవచ్చు, అది వీధి వేడుక. శ్మశానం అలా కాదు. బాధ్యత తెలిసిన గురువులు శిష్యులను చిన్న పల్లెలకు, కొద్దిమందిగా, అక్కడివారి అనుమతితో తీసుకువెళ్తారు. చేతిలో పూలూ కొవ్వొత్తీ లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. రేకుల బాట తొక్కకూడదు. అడగకుండా ముఖాలు వేయకూడదు. స్టూలు వేసుకునే చోటు కూడా అడిగే తీసుకోవాలి. ఈ నియమాలు లేని శిబిరానికి ఆధ్యాత్మికమన్న పేరు చెల్లదు, అందులో ఎంత అందమైన బొమ్మలు వచ్చినా సరే.

చావును బొమ్మ కట్టడం ఈ దేశానికి కొత్త కాదు. స్పానిష్ వాళ్ళ రాకకు ముందే త్లాకుయిలో అనే చిత్రకార లేఖకులు చెట్టుబెరడుతో చేసిన అమాతె కాగితం మీద, జింకతోలు మీద మొక్కల, ఖనిజాల రంగులతో దేవతలనూ మృత్యులోకాన్నీ చిత్రించారు. ప్వెబ్లా రాష్ట్రంలోని సాన్ పాబ్లితోలో ఒతొమీ కుటుంబాలు ఇప్పటికీ అమాతె తయారు చేస్తున్నాయి. దాని మీద నీటిరంగు వెంటనే ఇంకి పాకుతుంది, పలచటి వాష్‌లు నిలవవు. అయినా ముదురు గోధుమరంగు నేపథ్యం పీఠం బొమ్మలకు బాగా అమరుతుంది. టోపీ పెట్టిన అస్థిపంజర స్త్రీ కత్రీనాను 1910 ప్రాంతంలో చెక్కినవాడు హోసె గ్వాదలూపె పొసాదా. ఆయనది చవక ముద్రణ కళ, వీధిలో అమ్మే కరపత్రాల కోసం చేసినది. ఆమెకు నిలువెత్తు రూపం, దుస్తులు ఇచ్చింది 1947 నాటి కుడ్యచిత్రంలో చిత్రకారుడు దియేగో రివేరా.

నీటిరంగులకు ఈ దేశంలో ప్రత్యేకమైన ఇల్లు కూడా ఉంది. చిత్రకారుడు ఆల్ఫ్రెడో గ్వాతి రోహో మెక్సికో నగరంలో జాతీయ నీటిరంగుల మ్యూజియం స్థాపించాడు. 1985 భూకంపం తర్వాత అది కొయొవకాన్ ప్రాంతానికి మారింది. నవంబర్ 23న జరిపే ప్రపంచ నీటిరంగుల దినోత్సవం కూడా ఆయన ఆలోచనే.

శిబిరం సాధారణంగా నవంబర్ 3న ముగుస్తుంది. ఆరోజు పీఠం విప్పుతారు. వచ్చినవాళ్ళు వాసన, సారం తీసుకుని వెళ్ళారని నమ్మకం కనుక మిగిలిన రొట్టెలూ పండ్లూ బంధువులకు, ఇరుగుపొరుగుకు పంచుతారు. శిబిరం వారు తమ పీఠం మీది వంటకాలను ఆతిథ్యమిచ్చిన కుటుంబాలతో కలిసి తింటారు. శ్మశానంలో వేసిన బొమ్మల్లో ఒకటి ఆ సమాధి కుటుంబానికి ఇవ్వడం మంచి గురువులు పాటించే ఆనవాయితీ. దానికోసం ముందే రెండు కాగితాలు సిద్ధం చేసుకోమంటారు. తమవాళ్ళ కోసం వేసిన చిన్న చిత్రాన్ని మాత్రం ఎవరిది వారు ఇంటికి తీసుకువెళ్తారు.