‘డు’ – ‘లు’ మధ్య దూరం: తెలుగు కథాసాహిత్యంలో పాత్రనామాలు

వ్యాససంగ్రహం:
కథ, నవలల్లోని పాత్రల పేర్లను విమర్శ తరచుగా ‘పాత్రోచితం’ అన్న ఒక్క మాటతో సరిపెడుతోంది. వాస్తవిక కథాసాహిత్యంలో పేరులోని మూలపదంకంటే దాని చివర చేరే ప్రత్యయమే పాత్ర సామాజికస్థానాన్ని ఎక్కువగా సూచిస్తుందని నాలుగు రచనల ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రనామం, ప్రత్యయం, గౌరవవాచకం, కులం, వాస్తవికత.

1. ప్రవేశిక
పాత్రల పేర్లను చర్చించేటప్పుడు మన పరిశోధకులు సాధారణంగా ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఉదాహరిస్తారు. లుబ్ధావధాన్లు లోభి, సౌజన్యారావు పంతులు సజ్జనుడు. పేరుకు అర్థం చెబితే స్వభావం తెలుస్తుంది. ప్రహసనధోరణికి ఈ పద్ధతి చాలు. కాని రాముడు, వెంకయ్య వంటి నిత్యవ్యవహారంలోని పేర్ల దగ్గర ఇది ఉపకరించదు.

సంప్రదాయవ్యాకరణం డు, ము, వు, లు అనే ప్రత్యయాలను ప్రథమావిభక్తిగా చెబుతుంది. ఏకవచనంలో ‘రాముడు’, గౌరవార్థక బహువచనంలో ‘రాములు’. వ్యాకరణంలో రెండింటిదీ ఒకే విభక్తి. ఊరిలో మాత్రం రెండింటికీ ఒకే అరుగు లేదు. దేవుణ్ణి ‘రాముడు’ అన్నప్పుడు లేని చిన్నతనం పాలేరును అలా పిలిచినప్పుడు ఎక్కడినుండి వస్తోంది? పక్కనే మరొకరు ‘రావు’గానో ‘నాయుడు’గానో నిలబడి ఉండటం వల్ల వస్తోంది.

2. దిద్దుబాటు: యజమాని, నౌకరు
1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’లో భర్త గోపాలరావు, భార్య కమలిని, నౌకరు రాముడు. గోపాలుడు, రాముడు ఇద్దరూ విష్ణువు అవతారాలే. ఒకరికి ‘రావు’ చేరింది, మరొకరికి ‘డు’ మిగిలింది. చదువుకున్న భార్యకు మాత్రం దేవతానామంగానీ, ‘అమ్మ’ అనే ప్రత్యయంగానీ లేని కొత్తతరహా పేరు వచ్చింది. స్త్రీవిషయంలో సంస్కరణను కోరిన కథ నౌకరు పేరును పాతమర్యాదలోనే ఉంచింది. దీన్ని దోషంగా ఎంచనక్కరలేదు. ఆనాటి సంస్కరణదృష్టి ఎంతదాకా వెళ్లిందో చూపే గుర్తుగా చదవాలి.

3. మాలపల్లి: ‘దాసు’
1922 నాటి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ ఈ మర్యాదను కదిలించింది. రామదాసు, వెంకటదాసు, సంగదాసు అన్న పేర్లలోని ‘దాసు’ వైష్ణవభక్తి ఇచ్చిన గౌరవం. కులం నిరాకరించిన స్థానాన్ని భక్తి ద్వారా పేరులోకి తెచ్చిన ప్రయత్నమిది. నవలకు ‘సంగవిజయం’ అనే రెండోపేరు కూడా ఉండటం గమనార్హం. చౌదరయ్య చేతిలో హతుడైన సంగదాసు పేరు ఆ విధంగా ‘సంఘం’ అనే భావానికి దగ్గరగా జరిగి గ్రంథనామమైంది. మరోవైపు ధర్మబద్ధమైన దారిలో విశ్వాసం పోయిన వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడవుతాడు. ‘దాసు’ పోయి ‘డు’ తిరిగివచ్చింది. అయితే ఈసారి దానిలో ఉన్నది అణకువ కాదు, కలిగినవారికి పుట్టే భయం.

4. యజ్ఞం: ఒకే నామం, ముగ్గురు మనుషులు
కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో గ్రామపెద్ద శ్రీరాములు నాయుడు. అప్పులపాలైన కుటుంబానికి పెద్ద అప్పల్రాముడు. అతని కొడుకు సీతారాముడు. తీర్పు చెప్పే పక్షంలోనూ, తీర్పుకు తలవంచవలసిన పక్షంలోనూ ఉన్నది రామనామమే. ‘అప్పల’ అన్న పూర్వపదం సింహాచలం అప్పన్నను, ఉత్తరాంధ్ర నేలను గుర్తుకుతెస్తుంది. ‘శ్రీ’, ‘లు’, ‘నాయుడు’ అన్న మూడు గౌరవచిహ్నాలు ఒక పేరుకే చేరాయి.

ఇవి ఆ ప్రాంతంలో సహజమైన పేర్లేనని, ఇందులో ప్రత్యేకత లేదని ఆక్షేపించవచ్చు. సహజమైనవన్న మాట నిజమే. కాని ఆ ప్రాంతంలో సహజమైన పేర్లు ఇంకా ఎన్నో ఉండగా, ధర్మం ఏమిటని వాదించుకొనే కథలో ధర్మమూర్తిగా పేరొందిన దైవం పేరే ఇరుపక్షాలకూ వచ్చింది. రచయిత ఉద్దేశం ఏదైనా, పాఠంలో ఈ పునరుక్తి పనిచేస్తూనే ఉంటుంది. కథకుడు తన గొంతుతో ఎక్కడా ఈ తేడాను వ్యాఖ్యానించడు. పేర్లను పక్కపక్కన నిలిపి ఊరుకుంటాడు.

తండ్రి అప్పు కొడుక్కి సంక్రమించినట్లే ‘డు’ కూడా సంక్రమించింది. సీతారాముడు తన బిడ్డను తానే చంపుకోవడం ఆ వారసత్వాన్ని తెంచే భయంకరమైన ప్రయత్నం. పేర్లను గమనించి చదివితే ముగింపు ఆకస్మికమనిపించదు.

5. అంటరాని వసంతం: ప్రత్యయం దాటిన పేరు
జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) తరాల కథ. ఎల్లన్న కొడుకు శివయ్య, శివయ్య కొడుకు రూబేను, రూబేను కొడుకు ఇమ్మానుయేలు. పేర్ల వరుసే ఒక కుటుంబచరిత్ర. బైబిలు పేర్లు డు–లు వ్యవస్థకు లొంగవు. మతాంతరంతో పొందిన తొలి స్వేచ్ఛల్లో ఇదొకటి. అయితే ‘గాడు’ ఏ పేరుకైనా అతుక్కోగలదు. కాబట్టి పేరు మారినంత మాత్రాన పిలుపు మారదన్న ఎరుక కూడా అవసరం.

6. ముగింపు
పాత్రనామాలపై పరిశోధించేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: మూలపదం ఏమిటి, ప్రత్యయం ఏమిటి, ఆ పేరుతో ఎవరు ఎవరిని పిలుస్తున్నారు. ఈ మూడూ అడగకుండా ‘పాత్రోచితం’ అని మెచ్చుకుంటే, ఒక మనిషికి ‘డు’ ఉచితమని మనమూ ఒప్పుకున్నట్లే. ‘యజ్ఞం’ ఆ ఔచిత్యాన్నే శంకించింది. విమర్శ కథకంటే వెనుకబడి ఉండటం తగదు.