రెండు కొబ్బరి తీరాలు, రెండు దరువులు

తప్పెటగుళ్ళ గురించి ఉద్దానం పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రొమ్ము మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు, రెండు అరచేతుల దెబ్బ, గంగమ్మ కథ, పదిహేను ఇరవై మంది ఒక్కసారిగా లేచి పడే అడుగు: ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్లే ఎక్కువ. పరిచయం కావాల్సింది రెండో వైపు. ఘానా దేశపు ఆగ్నేయ మూలలో, టోగో సరిహద్దుకు దగ్గరగా కొపెయా అనే ఊరుంది. అక్కడివాళ్లు ఎవే జాతి వాళ్లు. 1982లో గాడ్విన్ అగ్బెలి ఆ ఊళ్లో దాగ్బె కళాకేంద్రం పెట్టాడు. ఎవే డ్రమ్ములు, పాటలు, ఆటలు ఊరి పిల్లలకు నేర్పే బడి అది. అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా అక్కడికే వెళ్లి నేర్చుకున్నారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి నాకు మొదట కనిపించిన కారణం నేల. మనది కొబ్బరి తీరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటల్ని పడగొట్టింది. ఎవేల కేటా తీరం కూడా కొబ్బరి తీరమే. అక్కడి కేప్ సెయింట్ పాల్ దగ్గర 1932లో కనిపించిన ఎండుతెగులుకు ఆ చోటి పేరే స్థిరపడింది. మన మత్స్యకారులు పని వెతుక్కుంటూ గుజరాత్ రేవులకు పోయినట్టే, ఎవే జాలర్లు పెద్ద వలలతో పశ్చిమాఫ్రికా తీరం వెంబడి దేశాలు దాటి పోయారు. అయితే వాళ్లు పోయిన నగరాల్లో తమ పాటనూ డ్రమ్మునూ సంఘాలుగా నిలబెట్టుకున్నారు. అక్రా నగరంలో ఎవే వలసదారుల వాద్య సంఘాలు పేరు పొందినవి. చావుకీ పండగకీ ఆ సంఘమే బంధువర్గం.

వాద్యం దగ్గరికి వస్తే తేడా లోతుగా కనిపిస్తుంది. ఎవే మేళంలో ఏ ఒక్కరి దగ్గరా మొత్తం దరువు ఉండదు. గంకొగుయి అనే జంట ఇనుప గంట కాలాన్ని పట్టి ఉంచుతుంది. అహాత్సె అనే పూసల వల అల్లిన సొరకాయ బుర్ర దానికి తోడు నడుస్తుంది. కగాను చిన్న డ్రమ్ము, కిడి మధ్య డ్రమ్ము, సొగో దానికంటే పెద్దది. అందరికంటే ఎత్తుగా, ఆనించి నిలబెట్టిన అత్సిమెవు నాయకుడి డ్రమ్ము. ఒక్కొక్కటి ఒక్కొక్క దెబ్బ వేస్తుంది. అన్నీ కలిసినప్పుడే వినేవాడికి ఆట తెలుస్తుంది. అందులో ఒకటి ఆగితే చెవికి వెంటనే లోటు తెలుస్తుంది. తప్పెటగుళ్ళు ఇందుకు పూర్తిగా ఎదురు. ప్రతి మనిషీ తానే వాద్యం, తానే గొంతు, తానే అడుగు. ముగ్గురు తగ్గితే వరస కురచవుతుంది కానీ దరువు చెడదు.

ఈ తేడా నుంచే చదువు పద్ధతి పుడుతుంది. ఎవే పిల్లవాడికి మెట్లున్నాయి. ముందు గంటో సొరకాయ బుర్రో చేతిలో పెడతారు. అదే దెబ్బ గంటలతరబడి తప్పకుండా వేయడం వస్తే కగానుకు, తర్వాత కిడికి వెళతాడు. నాయక డ్రమ్ము చాలా ఏళ్ల తర్వాతి మాట. పైగా దెబ్బలను నోటితో పలికే అక్షరాలుగా అప్పజెప్పుకుంటారు. మన మృదంగం వాళ్ల సొల్లు కట్టు తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. మన తప్పెట పిల్లవాడు మాత్రం పెద్దల వెనక వరసలో నిలబడి చూస్తూ నేర్చుకుంటాడు. అతనికి మొదటి రోజు నుంచే చేయి, కాలు, గొంతు మూడూ కావాలి. మెట్ల మీద కాదు, నేరుగా నీళ్లలో దిగి ఈత నేర్చుకున్నట్టు. ఇది గొప్పదా, అది గొప్పదా అని అడిగితే నేను జవాబు చెప్పను. మెట్లున్న విద్యను బడిలో పెట్టడం తేలిక. ఒంటి నిండా ఒకేసారి పట్టే విద్యకు ఒళ్లు తొందరగా లొంగుతుంది.

ఇక్కడే నాకు ముఖ్యమనిపించిన విషయం ఉంది. ఎవే మెట్లన్నీ నాయక డ్రమ్ము వైపే పోతాయి. ఆట ఎప్పుడు మారాలో చెప్పేది అదే కనక బడిలో నేర్చే ప్రతి పిల్లవాడికీ పైమెట్టు ఎక్కడుందో తెలుసు. తప్పెటగుళ్ళలో నాయకుడి సొత్తు దరువు కాదు, కథ. గంగమ్మ కథ, సారంగధర, చెంచులక్ష్మి అతని నోట్లో ఉన్నాయి. పిల్లలు అడుగు పట్టేస్తారు, గజ్జె పట్టేస్తారు, మనిషి మీద మనిషి ఎక్కే విన్యాసం కూడా పట్టేస్తారు. కథ మాత్రం వాళ్ల దాకా రాదు. వేదిక మీద పది నిమిషాల ప్రదర్శనకు విన్యాసం చాలు, కథ అక్కర్లేదు. అందుచేత ఎంత ప్రచారం దొరికితే అంతగా లోపలి సరుకు తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఇది ఎవరి తప్పనీ అనను. ఘానాలోనూ ఇదే జరిగింది. 1962లో ఏర్పడిన ఘానా జాతీయ నృత్య బృందం కోసం మావెరె ఒపొకు ఊళ్ల ఆటల్ని వేదిక కొలతకు కుదించాల్సి వచ్చింది. రాత్రంతా సాగేది నిమిషాల్లోకి దిగింది. దేశానికి ముఖం వచ్చింది, ఊరి ఆట పొడవు తగ్గింది.

అగ్బెలి బడి నాకు గొప్పగా తోచేది ఇందుకే. ఆయన కూడా అటువంటి వేదిక బృందానికి నేర్పిన మనిషే. ఆ వేదిక చూసి వచ్చి ఊళ్లో నేల మీద పొడవైన ఆటను నేర్పాడు. అమెరికా పండితుడు డేవిడ్ లాక్ ఆయనతో కలిసి కూర్చుని, 1992లో క్పెగిసు అనే యుద్ధ డ్రమ్ము మీద పుస్తకమే తెచ్చాడు. బయటివాళ్ల రాక వల్ల బడికి డబ్బూ గౌరవమూ వచ్చాయి. అలాగే ఒక బరువు కూడా వచ్చింది. అతిథి ఉండే కొన్ని వారాలకు సరిపడా పాఠం కావాలి, ఊరి పిల్లకు ఉన్న ఏళ్లు అతిథికి లేవు.

మనకు ఈ తీరంలో పేరున్న సంగీత బడి లేకపోలేదు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. కర్ణాటక సంగీతానికి ఆ బడి చేసినదెంతో అందరికీ తెలుసు. తప్పెటకు అటువంటి గూడు కావాలని కోరుకోవడం అత్యాశ కాదు. అయితే అదే నమూనాలో కోరుకోకూడదు. సుమ్మాదేవిలోనో వజ్రపుకొత్తూరులోనో ఒక బడి పెడితే పాఠం మొదలు కావాల్సింది అడుగుతో కాదు. ముసలి నాయకుడి పక్కన కూర్చుని కథను కొసదాకా విని, పాడి అప్పజెప్పడంతో.

ఒక విషయంలో మాత్రం ఎవేల వైపు చూసి నేర్చుకోవాలంటాను. వాళ్ల మేళంలో పెద్ద డ్రమ్ములు ఎక్కువగా మగవాళ్లవే అయినా, పాటా ఆటా ఆడవాళ్లు లేకుండా సాగవు. తప్పెటగుళ్ళు ఆనవాయితీగా మగవాళ్ల కళ, యాదవుల కళ. యాదవుల ఇళ్లలోని గంగమ్మ కథ ఆడపిల్లకూ తెలుసు. ఆ పిల్ల గొంతు బయట వినపడే చోటు ముందు ఆ బడే కావాలి. యాదవులు కాని పక్క వీధి పిల్లల్ని రానివ్వడమా మానడమా అన్నది ఆ కులపెద్దలూ గురువులూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. బయటినుంచి వచ్చిన విమర్శకుడు తేల్చేది కాదు.