తూకానికి చిక్కని వెండి తీగ

పెళ్లికో, గృహప్రవేశానికో, ఆడబిడ్డ ఒడిబియ్యానికో పోయే ముందు ఏం పట్టుకుపోవాలో తోచనివాళ్లు అడిగితే నా జవాబు ఎప్పుడూ ఒకటే. కరీంనగర్ వెండి తీగ పనిలో చేసిన కుంకుమ భరిణె తీసుకోండి. అంత డబ్బు పెట్టలేకపోతే అదే పనిలో వచ్చే చిన్న చెవిదిద్దులో, తాళంచెవుల గొలుసో, ఆకు ఆకారపు లాకెట్టో తీసుకోండి. పుచ్చుకున్నవాళ్లు దాన్ని అటక ఎక్కించరు. రంగు కాగితం మార్చి ఇంకొకరి పెళ్లికి చదివించరు. ఈ సలహాలో పక్షపాతం ఉందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ పనిని దగ్గర నుంచి ఒక్కసారి చూసినవాళ్లెవరూ పక్షపాతం లేకుండా ఉండలేరు.

ఫిలిగ్రీ అన్న మాట ఇప్పుడు కరీంనగర్ బజారులో కూడా స్థిరపడిపోయింది. పని సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, వెండి రేకు జోలికి పోకుండా సన్నటి తీగలతోనే వస్తువు మొత్తం కట్టడం. పువ్వు, ఆకు, లత, చిలుక, నెమలి, హంస, చేప, ఏదైనా సరే తీగ వంపుల్లోంచే పుట్టాలి. వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. పళ్లెం ఎత్తి దీపానికి అడ్డం పెడితే వెలుతురు అవతలి నుంచి ఇవతలికి వచ్చేస్తుంది. కరీంనగర్ పనికి అసలు అందం ఆ ఖాళీల్లోనే ఉంది.

ఈ విద్య మానేరు ఒడ్డున ఎలగందులలో మొదలైందంటారు. నిజాం కాలంలో పాలన కేంద్రం ఎలగందుల కోట నుంచి కరీంనగర్‌కు మారాక పనివాళ్లూ కదిలివచ్చారని చెబుతారు. సుమారు రెండు వందల ఏళ్ల కింద కడార్ల రామయ్య అనే ఆయన దీన్ని ఈ ప్రాంతంలో నాటాడని పెద్దల నోట వినబడే మాట. ఎవరు నాటినా నీళ్లు పోసింది మాత్రం నవాబుల దివాణాలు. వాళ్లకు అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పన్నీరు బుడ్లు, నగల పెట్టెలు కావలసివచ్చాయి. ఆనాటి పనితనం చూడాలనుకుంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి వెండి సామాను అద్దాల ముందు కొంచెంసేపు నిలబడండి. చరిత్ర మీద ఇంతకంటే కాలక్షేపం అక్కర్లేదు. అసలు కథ కుంపటి దగ్గరుంది.

ముందుగా వెండిని మూసలో కరిగిస్తారు. వెండి సుమారు 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగినదాన్ని అచ్చులో పోసి కడ్డీ చేస్తారు. కడ్డీని సుత్తెతో సాగగొట్టి సన్నగిల్లాక కమ్మచ్చుకు ఎక్కిస్తారు. కమ్మచ్చంటే వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలున్న ఉక్కు పలక. పెద్ద బెజ్జంలోంచి లాగి, తర్వాత దానికన్నా చిన్నదానిలోంచి, ఆపైన ఇంకా చిన్నదానిలోంచి లాగుతూ పోతారు. లాగినకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. ఆ బిరుసుతోనే ఇంకో బెజ్జంలోంచి లాగితే పుటుక్కున తెగుతుంది. అందుకని నడుమ నడుమ నిప్పుల మీద ఎర్రగా కాల్చి మెత్తబరుస్తారు. ఎంత కాల్చాలో చెప్పే యంత్రం అక్కడ లేదు. తీగ రంగు చూసి కన్ను చెప్పాలి. నగల షాపుల్లో దొరికే 92.5 రకం వెండిలో రాగి కలిసి ఉంటుంది కాబట్టి ఇంత సన్నటి పనికి అది గట్టిదవుతుంది. ఈ పనికి కావలసింది అంతకంటే స్వచ్ఛమైన, చెప్పిన మాట వినే వెండి.

తీగ తయారయ్యాక రెండు పోగులను కలిపి పురి పెడతారు. పురిపెట్టిన తీగను ఒత్తి చదును చేస్తారు. ఇక్కడే ఒక చిత్రం జరుగుతుంది. చదునైన పురికి అంచు వెంట సన్నటి గింజలు వరసగా పేర్చినట్టు నొక్కులు పడతాయి. వెలుతురు తగిలినప్పుడు ఒక్కో నొక్కు ఒక్కో చోట మెరుస్తుంది. మామూలు నున్నటి తీగతో ఎంత ముగ్గు వేసినా ఆ మెరుపు రాదు. కరీంనగర్ వస్తువును గదికి అవతలి చివర నుంచి కూడా గుర్తుపట్టవచ్చని నేను గొప్పలు పోయేది ఈ నొక్కుల అండ చూసుకునే.

ఆ తర్వాత చట్రం. కాస్త మందమైన తీగను వంచి ఆకుకో, రెక్కకో, నెమలి పింఛానికో సరిహద్దు కడతారు. దాని లోపల సన్నటి పురితీగను చుట్టలు చుట్టలుగా, అలలు అలలుగా, లతలాగా పేరుస్తారు. ఈ పనికి ఆయుధం చిన్న చిమటా ఒక్కటే. పేర్చిన తీగలు కదలకుండా జిగురు అద్దుతారు. మన అవుసలివాళ్ల పనిలో గురివింద గింజ నూరిన జిగురుకు పాత పేరుంది. నింపుడు మరీ బిగువైతే పువ్వు ఊపిరాడనట్టుంటుంది, మరీ వదులైతే అతుకు నిలవదు. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యే చెయ్యి.

అన్నిటికన్నా గుండె గట్టిగా ఉండాల్సింది అతుకు దగ్గర. వెండిలో రాగి, జింకు కలిపితే ఆ మిశ్రమం వెండి కన్నా తక్కువ వేడికే కరుగుతుంది. దాన్ని పొడి చేసి, వెలిగారం కలిపి తీగల మీద చల్లి, మంటను ఊదుగొట్టంతో దానివైపు తిప్పుతారు. పొడి కరగాలి, తీగ కరగకూడదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న వ్యవధి కొన్ని క్షణాలే. ఊపిరి ఒక పిసరు ఎక్కువైతే పొద్దంతా పేర్చిన పువ్వు వెండి బొట్టయి కూర్చుంటుంది. బాగా చేసిన అతుకును భూతద్దంలో వెతికినా మరక కనబడదు. అలాంటి అతుకులు వందల కొద్దీ కలిస్తే ఒక్క పన్నీరు బుడ్డి!

విడిభాగాలన్నీ ముందు చదునుగానే తయారవుతాయి. వాటిని గుండ్రటి దిమ్మ మీద పెట్టి ఒంపు తీసి, ఒకదానికొకటి అతికి గిన్నెగానో, గోళంగానో, నెమలి ఒళ్లుగానో నిలబెడతారు. ఆఖరికి నీళ్లు కలిపిన ఆమ్లంలో మసి పోగొట్టి, కుంకుడు రసంతో బ్రష్షు పట్టి రుద్దితే మల్లెపూవు తెలుపు తేలుతుంది. కాకతీయ కళాతోరణాన్నీ, చార్మినార్‌నూ ఈ పద్ధతిలోనే అరచేతిలో పట్టేంత చేసి అతిథుల చేతిలో పెడుతున్నారు. నాలుగు మినార్లు, కమానులు, వాటి మీది జాలీలు, అన్నీ తీగే. దీన్ని చేసినవాడిని శిల్పి అనాలా, నేతగాడనాలా అని నాకు ప్రతిసారీ సందేహం వస్తుంది.

కటక్‌లో తారకసి అనే వెండి తీగ పని ఉంది కదా, దాని సంగతేమిటని పండితులు అడగవచ్చు. ఒడిశావాళ్ల పని గొప్పదే, దసరాకు వాళ్లు దుర్గమ్మ వెనక నిలబెట్టే వెండి మండపం చూసి తీరాల్సిందే. కానీ కానుకగా ఇచ్చే చిన్న వస్తువులో, లత మెలికలో, ఖాళీ వదలడంలో మనవాళ్లదే పైచేయి అని నా తీర్పు. కరీంనగర్ పనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు 2007లో వచ్చింది, కటక్‌కు 2024లో. మనకు గొప్పలు చెప్పుకోవడానికి పదిహేడేళ్ల ముందరి కాగితం కూడా ఉంది!

ఇంతటి విద్యకు పట్టిన అసలు రోగం మన తూకం బుద్ధి. వెండి షాపులో మనం అడిగే మొదటి మాట "తులం ఎంత?" అని. తీగ ఎంత సన్నబడితే పనివాడు అంత గొప్పవాడు. తీగ సన్నబడినకొద్దీ వస్తువు తేలికవుతుంది. అంటే పని పెరిగినకొద్దీ తక్కెడలో దాని విలువ పడిపోతుంది. రేకు మడిచి ముద్ర గుద్దిన మొద్దు గిన్నెకు ఎక్కువ డబ్బు, నెల పొద్దు కూర్చుని అల్లిన భరిణెకు తక్కువ! ఇదెక్కడి న్యాయం? మజూరీ మాట ఎత్తగానే "ఇంత చిన్నదానికి అంతా?" అని బేరమాడే మనమే, అదే రోజు సాయంత్రం ఫోన్ కవరుకు అడిగినంత ఇచ్చి వస్తాం.

తూకం లెక్క పనివాడి మీద ఇంకో దెబ్బ వేస్తుంది. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. సరుకు ముందుగా కొనిపెట్టుకునే స్తోమత చిన్న కార్ఖానాకు ఎక్కడిది? ఆర్డరు ఇచ్చినవాళ్లు వెండి ఇస్తేనే కుంపటి రాజుకుంటుంది. చూపు తగ్గిన పెద్దలు చిమటా పక్కన పెడుతున్నారు. కొడుకులు వేరే ఉద్యోగాలకు పోతే వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఆ ఖాళీలోకి నకిలీ జొరబడింది. రిటర్న్ గిఫ్టుల పేరుతో గుట్టలు పోసి అమ్ముతున్న జర్మన్ సిల్వర్ సామానులో వెండి వీసమెత్తు ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. ఒకప్పుడు చేత్తో చేసిన వస్తువు నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో పోతపోసి, "ఫిలిగ్రీ డిజైన్" అని చీటీ తగిలిస్తారు. ఫిలిగ్రీ ఒక డిజైన్ అట! అది పని అయ్యా, పని. పోత వస్తువులో ఉన్నది తీగ కాదు, తీగ బొమ్మ. పేరంటానికి వంద మందిని పిలిచి వందమందికీ ఆ డొల్ల భరిణెలు పంచే బదులు ఒక పండూ తాంబూలమూ ఇస్తే గౌరవంగా ఉంటుంది.

అసలును పట్టుకోవడం కష్టం కాదు. అంచును వేలి గోటితో తడిమితే పురి నొక్కులు తగలాలి. వెనక్కి తిప్పి చూస్తే ముందు వైపున్నంత శుభ్రంగా ఉండాలి. పోత పోసినదాని వెనక మొహం మొద్దుగా, చదునుగా ఉంటుంది. రెండు రెక్కలను పక్కపక్కన పోల్చండి. చేతిపనిలో అవి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అచ్చులో పుట్టినవి తేడా లేకుండా ఉంటాయి. హాల్‌మార్కు చూసి మురిసిపోకండి. అది వెండి ఎంత స్వచ్ఛమో చెబుతుంది, ఎవరి చెయ్యి పడిందో చెప్పదు.

వెండి కొనే స్తోమత లేదనేవాళ్లకు కూడా ఉత్తర తెలంగాణలో వంకకు చోటు లేదు. నిర్మల్‌కు వెళ్లండి. పొనికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు మూసి, పైన రంగులు వేసిన బొమ్మలు అక్కడున్నాయి. పొనికి చెట్టు అడవిలో అరుదైపోతున్నా, ఈ బొమ్మలు చేసే నకాషీల సంఘం 1955 నుంచి ఆ పనిని పట్టుకుని ఉంది. 2009లో జీఐ గుర్తింపూ తెచ్చుకుంది. చిన్నపిల్ల పుట్టినరోజుకు బ్యాటరీ బొమ్మ బదులు నిర్మల్ జింకను ఇచ్చి చూడండి. ఇంకొంచెం లోపలికి పోతే ఉషేగాం, కెస్లాగూడ ఊళ్లలో ఓజులనే పనివాళ్లు మైనాన్ని సన్నటి పోగులు తీసి మట్టి దిమ్మ మీద చుడతారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాల్చితే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు. మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది కాబట్టి ఆ అచ్చులో రెండో బొమ్మ ఉండదు. గోండుల దేవుళ్లు ఆ చేతుల్లోనే రూపుకట్టారు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పనికి జీఐ వచ్చింది 2018లో.

ఇక సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు ఆ ఊరి పేరు లోకానికి చెప్పారు. అదే ఊరి నేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ20 లోగోను మగ్గం మీద నేసి ప్రధానికి కానుకగా పంపారు. 2022 నవంబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని ఆ కానుక గురించి దేశమంతా వినేట్టు చెప్పారు. కొనుక్కొచ్చిన వస్తువైతే ఆ కార్యక్రమంలో దానికి చోటు దొరికేదా? తన విద్యను తానే మడిచి పంపాడు కాబట్టి దొరికింది.

ప్రభుత్వాన్ని ఒకటి కోరుతున్నాను. అతిథులకు జ్ఞాపికలు ఇచ్చేటప్పుడు చేసినవారి పేరు కూడా పెట్టె మీద రాయించండి. ఇచ్చిన మంత్రి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, చేసిన చెయ్యి పేరు ఎక్కడా ఉండదు. చిన్న కార్ఖానాలకు వెండిని అప్పుగా ఇచ్చే ఏర్పాటు చేయండి. బళ్లో పిల్లలకు ఏడాదిలో ఒక్కరోజైనా పురి పెట్టడం, చట్రం వంచడం చూపించండి.

పాఠకులను ఇంకొంచెం ఎక్కువే అడుగుతాను. ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకున్న రోజే కరీంనగర్ వెళ్లి భరిణెకు ఆర్డరు ఇవ్వండి, ఆఖరి వారంలో పరుగెత్తకండి. చేసినవారి పేరు అడిగి కానుక మీద మీ పేరు పక్కన రాయండి. తులం ధర అడగడం మానేసి ఎన్ని రోజులు పట్టిందో అడగండి, ఆ రోజులకు కూలి కట్టి ఇవ్వండి. వెండికి బజారులో ధర ఎప్పుడూ ఉంటుంది. పనికి ధర కట్టాల్సింది మాత్రం మనమే.