కొట్టం లేని ఇల్లు: సర్కారు ప్లానూ తెలుగు కథా

ఎల్లారెడ్డిపేట మండలంలోని ఒక ఊర్లో మా మేనమామ పోయినేడు ఇల్లు మొదలుపెట్టిండు. మాదిగ వాడలో కాదు, ఊరవతల తన సొంత చెల్క పక్కన, బాయి ఒడ్డుకు. కొడుకు దుబాయిల పదేండ్లు చేసిన కష్టం పునాదిలోకి వచ్చింది. సుతారి మేస్త్రి తాడు పట్టి ముగ్గు పోసిననాడు రెండు కొలతలు పడ్డయి. ఒకటి ఇంటికి, ఇంకోటి కొట్టానికి. తొవ్వన పోయే ఊరి పెద్దమనిషి ఒకాయన ఆగి చూసి, "ఇల్లంటే ఇల్లాయె. నీకు కొట్టమెందుకురా?" అని అడిగిండు. మామ తల వంచుకున్నడు. అత్తమ్మ మాత్రం నవ్వుకుంటనే, "మరి బర్లను మీ కొట్టంల కట్టేసుకోమంటవా పటేలా?" అన్నది. ఆయన జవాబు చెప్పకుండ పోయిండు.

ఈ వ్యాసం ఆయన అడిగిన ప్రశ్న గురించే. ఇల్లు దగ్గర రాని ప్రశ్న కొట్టం దగ్గర ఎందుకొచ్చింది? మాకు తోచిన సమాధానం ఇది. మాదిగోనికి ఇల్లుంటే వానికి పండుకునే జాగ దొరికినట్టు, తెల్లారితే మళ్ళీ కూలికే వస్తడు. కొట్టముంటే తెల్లారి తన పని మీద తను పోతడు. మనకు ఇల్లు ఇవ్వడానికి దయ సరిపోతుంది. కొట్టానికి దయ సరిపోదు, మనను రైతులుగా ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు సర్కారు ప్లానులో ఉందా, తెలుగు సాహిత్యంలో ఉందా అని అడగడమే మా పని.

కొట్టానికీ మాకూ సంబంధం కొత్తది కాదు. తెలంగాణ పల్లెలో దొర కొట్టంలో పెండ తీసింది మా తల్లులు. కుడితి పోసి, గడ్డి వేసి, రాత్రి పశువుల పక్కనే గోనెసంచి పరుచుకొని పండుకున్నది జీతమున్న మా పిల్లలు. అప్పు తీరేదాకా జీతం, జీతం తీరేలోపల మళ్ళీ అప్పు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చిన తరువాత కూడ చాలా ఏండ్లు జీతగాళ్ళు కొట్టాల్లోనే తెల్లారిండ్రు. ఎద్దు బతికినంత కాలం దొరది. సచ్చిననాడు దాన్ని మోసుకపోవుడు మాదిగల వంతు. ఆ తోలుతో మోటబొక్కెన, వార్లు, చెప్పులు చేసి మళ్ళీ ఆ ఇంటికే ఇచ్చుడు. ఊరి సేద్యమంతా మా చేతి తోలు మీద నడిచింది గాని మా గడపలో ఎద్దు నిలబడలేదు. సచ్చిన పశువు మాది, బతికిన పశువు వాళ్ళది. కులం పశువును కూడ ఇట్లనే పంచింది.

ఈ పంపకం తెలంగాణకే పరిమితం కాదు. కోస్తాలో 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద జరిగిన హత్యాకాండకు ముందరి రోజు గొడవ ఎక్కడ మొదలైంది? బర్లకు కుడితి పెట్టిన బకెట్టును మాదిగలు తాగే నీళ్ళలో కడగడం దగ్గర. వద్దన్నది ఒక మాదిగ స్త్రీ. వాళ్ళ కొట్టం మురికి మన తాగునీళ్ళలోకి రావచ్చు, మనం వద్దనరాదు. కొట్టం అనేది ఎవరి అధికారానికి గుర్తో ఇంతకంటే వేరే సాక్ష్యం అవసరం లేదు.

మా వైపు ఈ అధికారాన్ని ప్రశ్నించిన చరిత్ర ఉంది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి, జీతాలు, కూలి రేట్లు, దొరల చేతుల్లో ఉన్న సర్కారు భూములు అప్పుడు రచ్చకెక్కిన విషయాలు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చాలా మంది దొరలు గడీలు వదిలి పట్నం పోయిండ్రు. దొర పోయినా కొట్టం మాత్రం మన చేతికి రాలేదు. భూమి వచ్చిన చోట కూడ అది లావుణి పట్టా చెల్క, రాళ్ళ భూమి. నాగలి లేదు, ఎద్దు లేదు, ఇత్తునం లేదు. అటువంటి భూమి రెండు పంటలు చూడకముందే కౌలుకు పోతది, లేదా కుదువకు పోతది. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977 నుంచీ ఉన్నా, కాగితం మీద మనం, దున్నేది వేరొకరు.

ఇక సర్కారు ప్లాను. మన మిత్రులు కథలనూ కవితలనూ విమర్శకు తీసుకుంటరు గాని ఇంటి ప్లానును ఎవరూ చదవరు. మా దృష్టిలో అది కూడ ఒక పాఠమే. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకం 560 చదరపు అడుగుల ఇల్లు గీసింది. రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. పల్లెల్లో దానికి 125 గజాల జాగ, అంటే ఇంచుమించు ఒక గుంట. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత జాగ ఉన్నవాళ్ళకు 5 లక్షల రూపాయలిచ్చి కనీసం 400 చదరపు అడుగులు కట్టుకోమన్నది. మట్టిగోడల గుడిసెలో పుట్టినోళ్ళం, స్లాబు విలువ మాకు తెలుసు. వానకాలం గిన్నెలు పెట్టి నీళ్ళు పట్టిన తల్లికి ఆ స్లాబు ఎంతటిదో హైదరాబాదులో కూసున్న విమర్శకునికంటే మాకు బాగా తెలుసు. కాబట్టి ఈ ఇండ్లను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

కాని లెక్క చూద్దాం. ఒక బర్రెకు నీడ కింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట 8 చదరపు మీటర్లు కావాలని పశుపోషణ పాఠాలు చెబుతాయి. రెండు బర్లకు 24 చదరపు మీటర్లు, అంటే సుమారు 29 గజాలు. ఇల్లు 62 గజాలు తింటుంది. రెండూ కలిపితే 91. 125 గజాల్లో గడ్డివామికీ, నడవడానికీ ఇంకా 34 గజాలు మిగులుతున్నయి. జాగ చాలక కొట్టం పోలేదన్నమాట. ప్లాను గీసినోని ఊహలో మనకు పశువు లేదు. నాగలి, గుంటుక, మందు బస్తా, వడ్ల సంచి లేవు. పొద్దున లేచి టిఫిను డబ్బా పట్టుకొని కూలికి పోయే కుటుంబమే అతని కండ్ల ముందు ఉంది. పల్లెలో కడుతున్నా అది పట్నం బస్తీ ఇల్లే.

వేరే శాఖలకు ఈ సంగతి తెలియకపోలేదు. ఎస్సీ కార్పొరేషన్ ఏనాటినుంచో పాడి బర్లకు లోన్లు ఇచ్చింది. 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల భూమి పథకం మొదలైంది. 2021లో వచ్చిన దళితబంధు 10 లక్షల రూపాయల యూనిట్లలో డెయిరీ కూడ ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద పశువుల కొట్టాలు వ్యక్తిగత పనుల జాబితాలో చేరినయి, అందులో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు ముందు వరుసలో ఉన్నయి. అయితే భూమి ఒక ఆఫీసు, బర్రె ఒక ఆఫీసు, ఇల్లు ఒక ఆఫీసు, కొట్టం ఇంకో ఆఫీసు. నాలుగు దరఖాస్తులు, నాలుగు జాబితాలు. బర్రె వచ్చినోనికి కొట్టం రాదు, భూమి వచ్చినోనికి బర్రె రాదు. బర్రె ఎండలో నిలబడి పాలు తగ్గిస్తది, ఏడాదిలో అంగడికి పోతది. అప్పుడు అధికారి ఏమంటడు? "వీళ్ళకు ఎంత ఇచ్చినా అమ్ముకుంటరు" అంటడు. ముక్కలు చేసి ఇచ్చింది వాళ్ళు, నింద మనకు.

అంబేడ్కర్ ఈ ముక్కల పద్ధతిని ఆనాడే కాదన్నడు. 1947లో వెలువడిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో ఆయన భూమి ప్రభుత్వానిదై సమష్టి సేద్యం జరగాలన్నడు. అక్కడితో ఆగలేదు. నీళ్ళు, దున్నే పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు కూడ ప్రభుత్వమే సమకూర్చాలన్నడు. పశువును భూమి నుంచి విడదీయలేదు. ఆయన ఊరును ఖండించిండు గాని సేద్యాన్ని ఖండించలేదు. అదే పత్రంలో అంటరానివారికి వేరు గ్రామాలు కావాలన్నడు. "అంబేడ్కర్ ఊరు వదలమన్నడు, మీరు కొట్టం కట్టమంటరేంది?" అని అడిగే మిత్రులు ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఇంకొకరి మీద ఆధారపడే బతుకును ఆయన వదలమన్నడు. మామ ఇల్లు వాడ నుంచి లేచి సొంత చెల్క పక్కకు పోవడం ఆ దిక్కుగా వేసిన అడుగేనని మేము అనుకుంటున్నాం.

ఇప్పుడు సాహిత్యం. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో సేద్యం చేసుకునే మాల కుటుంబం ఉంది. కాని కథ ఆ కుటుంబం చెదిరిపోయే దారిలోనే నడుస్తుంది. 2000లో వచ్చిన కల్యాణరావు 'అంటరాని వసంతం'లో కరువుకు ఊరు వదిలి కాలువ పనికి పోయే మనుషులున్నరు. మా జిల్లా పోరాటాల మీద అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' మొదలుకొని వచ్చిన రచనలు దొరతనాన్నీ తిరుగుబాటునూ చూపినయి. ఇవన్నీ మాకు కావలసిన పుస్తకాలే, మమ్మల్ని నిలబెట్టినవే. అయినా మేము చదివినంతలో తెలుగు కథలో దళితుని ఇల్లు కూలుతుంది, కాలుతుంది, ఖాళీ అవుతుంది. ఇల్లు కట్టే సన్నివేశం ఎంత వెతికినా అరుదు. దర్వాజ ఎత్తిననాటి సంబురం, ఇటుకల బాకీ, కొట్టానికి వేప గుంజ పాతడం మన కథలోకి రాలేదు. బాధ రాస్తే మెచ్చుకునే పాఠకుడు మన కొట్టం చూసి ఆ పెద్దమనిషి లెక్కనే "ఎందుకురా" అంటడని మనమే ముందుగా భయపడ్డమా? గోగు శ్యామల కథల్లో వేరే దారి కనబడుతుంది. అక్కడ మాదిగ వాడ రోజువారీ పని ఉంది, పొలానికి నీళ్ళు పారించే పిల్ల ఉంది, తన భూమిని అడిగే బైండ్ల స్త్రీ ఉంది. ఆ దారిలో ఇంకా చాలా రాయాల్సి ఉంది.

ఇందులో మా తప్పు కూడ ఉంది. యూనివర్సిటీ హాస్టల్లో చేరిన కొత్తలో మేము పెండ వాసన పోవాలని రెండుసార్లు సబ్బు రుద్దుకున్నవాళ్ళం. పరిశోధనలో కూడ అదే చేసినం. సర్వే ఫారంలో "ఇల్లు: పక్కా, కచ్చా" అని గడులు పెట్టినం గాని కొట్టానికి గడి పెట్టలేదు. అంటే ప్లాను గీసిన ఇంజనీరుకూ మాకూ తేడా లేకపోయింది.

ట్రాక్టర్లు వచ్చినంక కొట్టమెందుకు అనే ప్రశ్న కూడ ఉంది. దున్నే ఎద్దు తగ్గింది, నిజమే. కాని పాల బర్రె ఉంది, మేకలున్నయి, ఎరువుంది. అన్నిటికంటే ముఖ్యం, పంటను దాచుకునే నీడ ఉంది. దాచే జాగ లేనోడు వడ్లను రోడ్డు మీద ఆరబోసి, మొగులు చూసి భయపడి, వచ్చిన ధరకు కల్లంలోనే అమ్ముకుంటడు. కొట్టమున్నోడు నాలుగు దినాలు ఆగగలుగుతడు. ఆ ఆగగలగడమే బేరంలో బలం.

ఒక విషయం దాచరాదు. కొట్టం మనదైనా పెండ తీసే చేయి ఇప్పటికీ అత్తమ్మదే. దొర కొట్టంలో తీసిన చేయే సొంత కొట్టంలో తీస్తున్నది. పాల పైసలు ఎవరి చేతికి వస్తయి, చెల్క ఎవరి పేర ఉంది? ఇందిరమ్మ ఇల్లు ఆడమనిషి పేర ఇచ్చినట్టే, కొట్టమూ బర్రె కూడ ఆమె పేర ఉండాలని మనమెందుకు అడగం? ఆనాడు జవాబు చెప్పింది ఆమె.

కాబట్టి మిత్రుల ముందు మూడు మాటలు పెడుతున్నాం. గ్రామసభలో ఇంటికి దరఖాస్తు రాసే కార్యకర్తలు అదే కాగితంలో కొట్టం, పశువు, భూమి కలిపి రాయాలి, విడివిడిగా తీసుకోమని ఒప్పుకోవాలి. సర్వేలకు పోయే విద్యార్థులు ప్రతి ఇంట్లో అడగాలి: పశువు ఎక్కడ కడుతున్నరు, పంట ఎక్కడ పోస్తున్నరు, ఆ జాగ ఎవరిది? రచయితలు కూలిన ఇంటితో పాటు లేచే ఇంటిని కూడ రాయాలి. మేము తప్పు చదివినమనుకుంటే చెప్పండి, చర్చిద్దాం. మామ ఇంటికి స్లాబు ఇంకా పడలేదు, పైసలు చాలక ఆగింది. కొట్టం మీద మాత్రం రేకులు పడ్డయి. రెండు బర్లు అందులోనే ఉన్నయి, ఇల్లయ్యేదాకా అత్తమ్మా మామా కూడ ఆ పక్క అర్రలోనే ఉంటున్నరు.