చేతికంటిన చదువు

మన దేశపు జానపద కళల మీద పుస్తకాలకు కొదవలేదు. నున్నని కాగితం మీద, నిండు ఫొటోలతో అచ్చయినవి మా అలమరలోనే ఒక వరుస ఉన్నాయి. వాటిలో చాలామటుకు చూసినవాళ్లు రాసినవి. చేసినవాళ్లు రాసినవి అరుదు, ఆ పనినే నమ్ముకున్నవాళ్లకు రాసే తీరిక ఎక్కడిది? మా మేనకోడలు ఈ రెండు వర్గాల్లోనూ చేరదు. వారమంతా బ్యాంకులో లెక్కలు చూసుకొని, ఆదివారాలూ పండగ సెలవులూ రంగులకూ గుడ్డలకూ ధారపోసే మనిషి. ‘‘మామయ్యా, నా పుస్తకానికి పీఠికగా, పొగడకుండా నాలుగు మాటలు రాయి’’ అంది. రాయగలనో లేదో చూద్దాం.

నాకు అన్నిటికంటే నచ్చింది చింతగింజల అధ్యాయం. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు పూసే పూతలో సుద్దమట్టి, గంజి, చెట్టుజిగురుతోపాటు ఉడికించిన చింతగింజల ముద్ద ఉంటుంది. ఒడిశాలోని రఘురాజ్‌పుర్‌లో పటచిత్రం వేసేవాళ్లు గుడ్డ మీద గుడ్డ అతికించడానికీ, దాని మీద సుద్ద పూయడానికీ వాడేది ఆ గింజల జిగురే. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో విడిగా చెక్కిన చేతుల్ని ఒంటికి అతికించే మక్కులోనూ చింతగింజల పిండే, రంపపు పొట్టుతో కలిసి. ఇవి చదివితే తెలిసే సంగతులే. కానీ ఈ అమ్మాయి గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి చూసింది. పూత పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకిపోయింది. మందమైతే గుడ్డ చుట్టగానే పగుళ్లిచ్చింది. చేర్యాల పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల లాంటి కథకులు చుట్టచుట్టి ఊరూరా మోసుకెళ్లి, ఒక్కొక్క గడీ విప్పుతూ పాడే పటం అది. పూత అంత కచ్చితంగా ఎందుకు కుదరాలో ఆమెకు పగుళ్లే చెప్పాయి. కొని గోడకు పెట్టుకున్నవాళ్లకు ఇది ఎన్నటికీ తట్టదు.

కలంకారీ ప్రయోగం మరీ ముచ్చట. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డ ముంచి ఆరబెడితే రంగు చెదరకుండా నిలుస్తుంది. ఇనుప ముక్కలు బెల్లపు నీళ్లలో రోజుల తరబడి నానితే కసిం తయారవుతుంది. ఆ నీటికి స్వతహాగా నలుపు ఉండదు, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడ్డాకే నల్లబడుతుంది. ఇదంతా అపార్టుమెంటు బాల్కనీలో జరిగింది, కింది అంతస్తువాళ్లు వాసన ఏమిటని అడగడానికి వచ్చారు. చివరికి ఎరుపు వేసిన గుడ్డను టబ్బులో జాడిస్తే, వదిలిన రంగు పోయే దారిలేక గుడ్డ మీద వేసిన సీతమ్మ మొహానికి అంటుకుంది. శ్రీకాళహస్తిలో గుడ్డల్ని స్వర్ణముఖి పారే నీళ్లలో ఎందుకు ఉతికేవారో ఆమెకు ఆ పూట అర్థమైంది. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసిన కథ కూడా ఈ అధ్యాయంలోనే చెప్పింది. ఆ పాడైన గుడ్డ ఫొటోను పుస్తకంలో వేయడం నాకు భలే నచ్చింది.

ఆ గుడ్డ పాడయ్యాక ఆమె శిల్పారామంలో బేరమాడటం మానేసిందట. తన సరదా ఇంకొకరి బతుకుతెరువు అన్న ఎరుక ఈ పుస్తకమంతటా ఉంది. మిథిల చిత్రాల గురించి రాసినప్పుడు అది మరీ బాగా కనిపిస్తుంది. 1934 భూకంపంలో కూలిన ఇళ్ల లోపలి గోడల మీద పెళ్లిగది బొమ్మల్ని విలియం ఆర్చర్ అనే తెల్లదొర చూశాడు. 1960ల కరువులో చిత్రకారుడు భాస్కర్ కులకర్ణి ఆ బొమ్మలు వేసే ఆడవాళ్ల చేతికి కాగితాలిచ్చి, గోడ మీది పనిని అమ్ముకోదగ్గ సరుకు చేశాడు. మనం ఆదివారం మధ్యాహ్నం కాలక్షేపానికి దించుకునే చేపలూ తామరలూ కాగితం మీదికి ఆకలి తరిమితే వచ్చినవి. అందుకే కాబోలు తన బొమ్మల్ని అమ్మదు, అడిగినవాళ్లకు అసలు పనివాళ్ల అడ్రసులు ఇస్తుంది. ఇదే నియమం అందరికీ పెట్టాలని నేననను.

పండగ పనుల భాగం చిన్నది. పాలవెల్లి కట్టడం, సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లు, మెలికల ముగ్గులు చకచకా సాగిపోతాయి. బతుకమ్మ దగ్గర మాత్రం కాసేపు ఆగింది. గునుగు పూల కొసలు కోసి రంగునీళ్లలో ముంచడం, సిబ్బిలో ఆకులు పరిచి తంగేడు వరుస మీద వరుస పేర్చడం, పైకి పోతున్నకొద్దీ చుట్టు తగ్గినా మధ్యలో గుల్ల పడకుండా ఆకుల తురుము కూరడం, చేసి చూడనివాళ్లు రాయలేరు.

ఒక్కచోట మాకు పొసగలేదు. వార్లీ బొమ్మల్లో తార్పా వాయించేవాడి చుట్టూ జనం చేతులు కలిపి ఆడుతుంటారు. అతణ్ని తీసేసి అక్కడ బతుకమ్మను నిలబెట్టింది. చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఆ వాద్యగాడు లేకపోతే అది వాళ్ల ఆట కాదని నా పట్టు. బొమ్మను తీసేయనంది, నా అభ్యంతరం పీఠికలో రాసుకోమంది. రాశాను.

రెండో భాగం రాస్తానంటోంది. ఏటికొప్పాక లక్కబొమ్మల జోలికి ఎందుకు పోలేదంటే ఇంట్లో తరిణికి చోటు లేదంది, సరే. నిమ్మలకుంట తోలుబొమ్మలు వదిలేయడానికి చెప్పిన సాకు మాత్రం నేనొప్పుకోను. తోలు వాసనకు ఇంట్లోవాళ్లు ఊరుకోరట! కసిం కుండను వారాల తరబడి భరించినవాళ్లకు మేకతోలు ఒక లెక్కా?